పొద్దు నుంచి వెనక్కి లెక్క: డాలస్‌లో ఒక సీనియర్ పోర్ట్రెయిట్ సెషన్ ప్లాను డైరీ

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లల్ని సీనియర్లంటారు. ఆ ఏడాది బడిలో తీసే ఫోటో కాకుండా, విడిగా ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకుని తీయించుకునేవి సీనియర్ పోర్ట్రెయిట్లు. ఈ డైరీ అలాంటి ఒక సెషన్ ప్లానుది. నమూనాగా తీసుకున్నది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉండే తెలుగు కుటుంబం. అమ్మాయి సీనియర్. పట్టు లంగా ఓణీ ఒకటి, మామూలు బట్టలు ఒక జత, బడి లెటర్ జాకెట్ (ఆటల్లోనో సంగీతంలోనో రాణించినవాళ్ళు వేసుకునే, బడి అక్షరం కుట్టిన జాకెట్), కర్ణాటక వయొలిన్, పైగా ఆరు నెలలుండి పోదామని వచ్చిన అమ్మమ్మ, తాతయ్య. అబ్బాయికైతే లంగా ఓణీ బదులు పట్టు పంచె పెట్టుకుని ఇదే లెక్క వేసుకోవచ్చు.

కెమెరా సంగతులు తక్కువే ఉంటాయి. ఈ సెషన్లు చెడేది ఎక్కువగా గడియారం దగ్గర, బట్టల దగ్గర.

దశ 1: గడువుల కాగితం

సెషన్ తేదీ అనుకోకముందే దానికి అడ్డొచ్చే తేదీలన్నీ ఒక కాగితం మీదికి రావాలి.

1. ఇయర్‌బుక్‌లో (బడి ఏటా వేసే ఫోటోల పుస్తకంలో) పడే తల, భుజాల ఫోటో. చాలా బళ్ళు దీన్ని తమకు ఒప్పందమున్న స్టూడియోతోనే తీయిస్తాయి, బయటి ఫోటో ఒప్పుకోవు. ఇయర్‌బుక్ టీచర్‌కి ఒక ఈమెయిల్ పెడితే తేలిపోతుంది.
2. ఇయర్‌బుక్ వెనక పేజీల్లో అమ్మానాన్నలు కొనే సీనియర్ యాడ్. దీంట్లో మన ఫోటోలు పెట్టుకోవచ్చు. గడువు ఒక్కో బడికి ఒక్కో తీరు. అదే ఈమెయిల్‌లో ఇదీ అడగాలి.
3. నవంబర్ 1. చాలా కాలేజీల ఎర్లీ అప్లికేషన్లకి ఆఖరు రోజు. దానికి ముందు వారం పిల్లల కళ్ళ కింద నలుపు ఏ రిఫ్లెక్టరూ (వెలుగుని ముఖం మీదికి తిప్పే పలక) తియ్యలేదు.
4. నవంబర్ మొదటి ఆదివారం. గడియారం గంట వెనక్కి పోతుంది.
5. మే నెల మొదటి రెండు వారాలు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, బడిలోనే చదివే కాలేజీ స్థాయి సబ్జెక్టుల) పరీక్షలు.
6. పెద్దవాళ్ళ తిరుగు టికెట్.
7. దసరా, బతుకమ్మ శనివారాలు. లంగా ఓణీ అప్పుడూ కావాలి, జడ వేసే పిన్నీ అప్పుడు దొరకదు.

మొదటి ప్లానులో తేదీ నవంబర్ రెండో వారం, సాయంత్రం 5 గంటలకి. ఉత్తర టెక్సస్‌లో ఆకులు ఎర్రబడేది ఆ నెలలోనే గనక బాగుంటుందనిపించింది. కానీ గడియారం మారాక డాలస్‌లో ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఐదింటికి మొదలుపెడితే మిగిలేది అరగంట కూడా కాదు. మూడింటికి జరిపితే గుడికో గెట్‌టుగెదర్‌కో పోయొచ్చిన మనుషుల్ని భోజనం మీంచి లేపాలి. అందుకని ఆకుల రంగు వదులుకుని తేదీ అక్టోబర్ మధ్యకి తెచ్చాం. అప్పటికి పొడుగు గడ్డి ఎండి రాగి రంగులోకి తిరిగి ఉంటుంది. ఆకుల కంటే అదే నయం, గాలికి రాలిపోదు.

వారం మధ్యలో అయితే పార్కు ఖాళీగా ఉంటుంది గానీ, బడి నాలుగు దాటాక వదిలితే నాలుగున్నరకి పట్టులో తయారై రావడం కుదరదు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్, శనివారం పార్కు నిండా ఇంకో పది మంది ఫోటోగ్రాఫర్లు. మిగిలింది ఆదివారం.

దశ 2: పొద్దు లెక్క

డాలస్‌లో సూర్యాస్తమయం సుమారుగా ఇలా ఉంటుంది:

- జూన్ 20: 8:38
- సెప్టెంబర్ 22: 7:22
- అక్టోబర్ 15: 6:52
- అక్టోబర్ 31: 6:35
- నవంబర్ 15: 5:25
- ఏప్రిల్ 10: 7:55
- మే 20: 8:23

సూర్యుడు దిక్చక్రానికి 10 డిగ్రీల ఎత్తులోకి దిగాక ఎండ పచ్చబడుతుంది, ముఖం మీద నీడలు మెత్తబడతాయి. అక్టోబర్‌లో ఆ ఎత్తు నుంచి అస్తమించడానికి ఇక్కడ పట్టేది సుమారు 50 నిమిషాలు. జూన్‌లో దాదాపు గంట. అస్తమించాక ఇంకో 25 నిమిషాలు వెలుగుంటుంది గానీ అది నీలం వెలుగు.

ఇది కాగితం మీది లెక్క. పార్కులో పడమటి వైపు చెట్లుంటే ఈ 50 నిమిషాలు చేతికి రావు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు దగ్గర దగ్గర 10 డిగ్రీలు. నిలబడబోయే చోట నిలబడి, దిక్చక్రం మీద పిడికిలి పెట్టి, చెట్ల కొనలు ఎంతవరకు వచ్చాయో చూడాలి. వంద మీటర్ల దూరంలో పది మీటర్ల చెట్లుంటే సగం పిడికిలి దాటుతాయి. అంటే అస్తమయానికి పాతిక నిమిషాలకు పైగా ముందే ఎండ పోతుంది. సగం బంగారం చెట్ల పాలన్నమాట. గడ్డి మైదానంలో ముందనుకున్న చోటు ఇందుకే వదిలేసి, పడమర బాగా తెరిపిగా ఉన్న మెట్ట వైపు జరిపాం.

పద్దు: తేదీ అక్టోబర్ మధ్య ఆదివారం. అస్తమయం 6:52. మంచి ఎండ 6:02 నుంచి. చెట్ల కోత మెట్ట మీద 5 నిమిషాలు.

దశ 3: బట్టల వరుస

ఈ ప్రాజెక్టులో ఎక్కువసార్లు కొట్టేసి రాసింది ఈ దశే.

మొదటి ప్లాను: రెండు గంటలు, నాలుగు జతలు, రెండు చోట్లు. లంగా ఓణీని ఆఖర్న, పచ్చటి ఎండలో తీయాలని. చూడ్డానికి బాగుంది. నిమిషాలు వేసేసరికి నిలవలేదు.

- రాగానే సర్దుకోవడం: 10
- మామూలు బట్టలు రెండుసార్లు మార్చడం: 20
- లంగా ఓణీ కట్టడం: 25
- రెండో చోటికి కారు, పార్కింగ్: 30
- మొత్తం: 85
- 120 లో ఫోటోలకి మిగిలేది: 35

పైగా ఆ 25 నిమిషాల పిన్నుల పని సరిగ్గా పచ్చటి ఎండలోనే పడుతోంది. బయట వెలుగు వృథా, లోపల పార్కు బాత్‌రూంలో అద్దం లేక తల్లీ కూతుళ్ళకి గొడవ.

మార్పు: కట్టడం కష్టమైనది ముందు, తొడగడం తేలికైనది చివర. లంగా ఓణీ ఇంట్లోనే తీరిగ్గా కట్టుకుని కారెక్కాలి. విప్పడం పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆఖరి జత అసలు మార్చుకునేదే కాదు, ఉన్న బట్టల మీద లెటర్ జాకెట్ తొడుక్కోవడమే. ఉన్ని ఒళ్ళు, తోలు చేతులున్న ఆ జాకెట్‌లో అక్టోబర్‌లో కూడా చెమట పోస్తుంది. ఎండ దిగాక తొడిగితేనే ముఖం ఆరి ఉంటుంది.

పట్టుకి పచ్చటి ఎండ వద్దంటే తల్లులు ఒప్పుకోరు. కానీ పడమటి ఎండ నేరుగా పడితే జరీ తెల్లగా మెరిసి, అంచులో నెమలీ ఏనుగూ ఏదో తెలియకుండా పోతుంది. ఎర్ర పట్టు నారింజలోకి పోతుంది. విశాలమైన నీడలో అదే పట్టు మీద చుక్క చుక్కా లెక్కపెట్టొచ్చు. ఖర్చు పెట్టి కొన్నది నేత కోసమైతే నీడలోనే తీయాలి.

లంగా ఓణీ తనిఖీ, సెషన్‌కి ఆరు వారాల ముందు:

1. జాకెట్టు వేసి చూడాలి, పెట్టెలో ఉందిలే అని ఊరుకోకూడదు. ఓణీల ఫంక్షన్‌కి కుట్టించినదైతే అప్పటికీ ఇప్పటికీ భుజాలు మారిపోయి ఉంటాయి. మన టైలర్లు పక్కల్లో మడత వదిలి రెండు మూడు వరసల కుట్టు వేస్తారు; ఒక్కో వరస విప్పితే చాలాసార్లు సరిపోతుంది. చంకల దగ్గర బిగువుంటే మాత్రం విప్పి లాభం లేదు, వయొలిన్ కమాను ఎత్తినప్పుడు పట్టేస్తుంది. కొత్తది కుట్టించాలి, అందుకే ఆరు వారాలు.
2. లంగా అంచు నేలకి అంగుళం పైన ఉండాలి, ఆ రోజు వేసుకునే చెప్పులతోనే కొలవాలి. మడమలున్న చెప్పులు గడ్డిలో దిగబడతాయి. బల్లపరుపు చెప్పులే.
3. పిన్నీసులు పది, రెండు సైజులు. భుజం మీది పిన్నీసుకి ముందు ఒక చిన్న పూస ఎక్కించి అప్పుడు గుచ్చితే, పిన్నీసు చుట్టలో పట్టు చిక్కుకుని చిరగదు. పిన్ను తల లోపలి వైపే ఉండాలి. బయటికుంటే ఫ్లాష్‌కి చుక్కలా మెరుస్తుంది.
4. వడ్డాణం నిలబడి చూస్తే బాగానే ఉంటుంది, కూర్చుంటే పైకి లేచి జాకెట్టుని ఎగదోస్తుంది. వయొలిన్ ఫోటోల ముందు తీసెయ్యాలి.
5. రాళ్ళ బొట్టు బదులు సాదా బొట్టు.
6. ముఖానికి సిలికా ఉన్న పౌడర్ వద్దు. కంటికి కనపడదు గానీ ఫ్లాష్‌లో నుదురు, ముక్కు మీద తెల్లటి మచ్చల్లా వస్తుంది. చెమటకి అద్దుడు కాగితాలు చాలు.

కళ్ళద్దాలది వేరే కథ. ఎండకి నల్లబడే అద్దాలైతే నీడలో కూడా కొంత నల్లబడి, కళ్ళు మబ్బుగా వస్తాయి. తెల్లబడటానికి నిమిషాలు పడుతుంది. ఎడిటింగ్‌లో కళ్ళు తెల్లగా చేయబోతే మనిషి మారిపోతుంది. పాత జత, మామూలు అద్దాలది ఉంటే అది. లేదంటే అదే ఫ్రేము అద్దాలు తీసి. మెరుపు పడుతుంటే చెవుల వెనక కాడల్ని కొద్దిగా పైకెత్తితే అద్దం కిందికి వాలి, ఆకాశం బింబం పోతుంది.

పద్దు: జతలు నాలుగు నుంచి మూడు. చోట్లు రెండు నుంచి ఒకటి. మార్చుకునే టైం 45 నుంచి 15 నిమిషాలు.

దశ 4: చోటు

ఒక్క చోటే అన్నాక ఆ చోటులో మూడు ఉండాలి: పెద్ద నీడ, కూర్చోవడానికి శుభ్రమైన గచ్చు, పడమర తెరిపిగా ఉన్న గడ్డి. మూడూ లంగా ఎత్తిపట్టుకుని నడవగలిగిన దూరంలో. ప్లేనోలోని ఆర్బర్ హిల్స్ నేచర్ ప్రిజర్వ్ ఇందుకు పనికొస్తుంది. 200 ఎకరాలు, పార్కింగ్‌కి దగ్గర్లోనే పెవిలియన్ (కప్పున్న మండపం), లోపలికి పోతే ప్రయరీ (మైదానపు పొడుగు) గడ్డి. చూసి వదిలేసిన చోట్లు ఇవి:

డాలస్ ఆర్బొరేటమ్: పూలు బ్రహ్మాండం. టికెట్టు, ఫోటో సెషన్లకి వేరే నిబంధనలు, మూసే వేళ. మన మంచి ఎండ చాలా నెలల్లో వాళ్ళు గేటు మూశాకే మొదలవుతుంది.

వైట్ రాక్ లేక్, విన్‌ఫ్రీ పాయింట్: చెరువుకి తూర్పు గట్టు, పొద్దు నీళ్ళకి అవతల గూకుతుంది. ఒంటరి ఫోటోకి మంచిది. నీడ తక్కువ, గాలి ఎక్కువ, ఓణీ నిలవదు.

మెకిన్నీ పాత కోర్టు చౌరస్తా: ఇటుక గోడలు, మంచి నీడ. ఆదివారం సాయంత్రం జనం.

డీప్ ఎల్లమ్ గోడ బొమ్మలు: బొమ్మ మీద కాపీరైట్ గీసినవాళ్ళది. ఇంట్లో పెట్టుకునే ఫోటోకి ఎవరూ రారు గానీ, ఫోటోగ్రాఫర్ ప్రకటనలో వాడుకుంటే చిక్కు. పైగా ఆ రంగుల ముందు పట్టు రంగు చచ్చిపోతుంది.

రైలు పట్టాల మీద ఫోటో అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. వద్దని చెప్పడంతో ఆగకుండా కారణం చెప్పాలి. అది రైల్వేవాళ్ళ సొంత స్థలం, అడుగుపెడితే నేరం. రైలు పెట్టె పట్టాకి అవతల మూడడుగులు పైనే పొడుచుకొస్తుంది, గూడ్సు ఆగడానికి మైలు దాటి పడుతుంది. ఈ అంకెలు విన్నాక రెండోసారి ఎవరూ అడగరు.

ఏ ఊరి పార్కయినా ఆ ఊరి పార్క్స్ డిపార్ట్‌మెంట్‌ని అడగాల్సిన ప్రశ్నలు మూడు: డబ్బు తీసుకుని తీసే ఫోటోలకి పర్మిట్ కావాలా, లైటు స్టాండు నేల మీద నిలపొచ్చా, గేటు ఎప్పుడు మూస్తారు. రెండోది చాలామంది అడగరు. స్టాండు పెట్టగానే అప్పటిదాకా పట్టించుకోని మనిషి కూడా వచ్చి కాగితం చూపించమంటాడు.

చివరిగా నేల. నిప్పు చీమల పుట్టలు మెత్తటి మట్టి కుప్పల్లా ఉంటాయి, గడ్డిలో కనపడవు. ఎక్కడ కూర్చోబెడతారో అక్కడ ముందు కర్రతో తట్టి, జంపఖానా పరిచి, అప్పుడు.

దశ 5: వెలుగు సామాను

ముందు నీడ కొలత. సాయంత్రం ఐదింటికి పెవిలియన్ నీడ అంచున ముఖం మీద వచ్చే రీడింగ్ దాదాపు ఇలా ఉంటుంది: ఐఎస్‌ఓ 200 (సెన్సర్ సున్నితత్వం), ఎఫ్ 2.8 (లెన్సు తెరుపు), షట్టరు సెకనులో 500వ వంతు. వెనక ఎండలో ఉన్న గడ్డి దానికంటే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఎక్కువ. ముఖం సరిగ్గా పడితే వెనక అంతా సున్నం కొట్టిన గోడ. ఫ్లాష్‌తో ముఖాన్ని లేపొచ్చు గానీ, నీడలో మెత్తగా ఉన్న పట్టు మళ్ళీ మెరవడం మొదలెడుతుంది. అందుకని చోటుని అక్కడే తిప్పాం. అమ్మాయి వెనక కూడా నీడే ఉండేలా, చెట్ల గుంపు వైపు వీపు పెట్టి. తేడా ఒక స్టాపు, ఒకటిన్నర లోపుకి వచ్చింది.

నీడలో ఎటు తిరగాలో తెలియకపోతే పిడికిలి ముఖం ముందు పెట్టి మెల్లిగా చుట్టూ తిరగాలి. వేళ్ళ మధ్య నీడలు ఎక్కడ పలచబడతాయో అదే దిక్కు.

గడ్డి దగ్గర ఇంకో తంటా ఉంది, రంగు. పచ్చ గడ్డి మీద నిలబడితే గడ్డం కింద, మెడ కింద ఆకుపచ్చ పులుముకుంటుంది. గోధుమ రంగు ఒంటి మీద అది జబ్బు రంగులా కనిపిస్తుంది. మొత్తం ఫోటోకి మెజెంటా పెంచితే మెడ బాగుపడి నుదురు గులాబీ అవుతుంది. కాళ్ళ దగ్గర, ఫ్రేము బయట, ఒక తెల్ల దుప్పటి పరవడం దీనికి మందు. ఎండిన గడ్డికి ఈ బాధ లేదు. యూటీ ఆస్టిన్ (టెక్సస్ విశ్వవిద్యాలయం) నారింజ టీషర్టుకి మాత్రం ఉంది: గడ్డం కిందంతా నారింజే. ఆ షర్టు ఫోటోలకి తెల్ల రిఫ్లెక్టర్ ఛాతీకి కింద పట్టాలి.

సామాను జాబితా మొదట్లో పెద్దది. మిగిలింది ఇది:

- కెమెరాలు 2, ఒక్కోదానికి రెండు కార్డులు
- 85 మి.మీ., 35 మి.మీ., 50 మి.మీ. లెన్సులు
- 200 వాట్ సెకన్ల బ్యాటరీ ఫ్లాష్ 1, 36 అంగుళాల అష్టభుజి సాఫ్ట్‌బాక్స్
- 42 అంగుళాల రిఫ్లెక్టర్, తెల్లటి వైపు. వెండి వైపు పడితే కళ్ళు చికిలిస్తారు
- గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద అట్ట), తెల్ల దుప్పటి, జంపఖానా, మడత కుర్చీలు 2

సాఫ్ట్‌బాక్స్ స్టాండు మీద నిలవలేదు. ఉత్తర టెక్సస్ మెట్ట మీద గాలి తెరచాపలా పట్టి తోసేస్తుంది. 15 పౌన్ల ఇసుక సంచి వేసినా స్టాండు కదలకుండా పైన తల తిరిగిపోతుంది. స్టాండు తీసేసి, ఫ్లాష్‌ని కర్రకి బిగించి అమ్మాయి తమ్ముడి చేతికిచ్చాం. ముఖానికి మీటరున్నర దూరం. వాడు అలిసి రెండు మీటర్లకి జరిగితే దాదాపు ఒక స్టాపు వెలుగు పోతుంది. అందుకని కర్రకి మీటరున్నర తాడు కట్టి, మధ్యమధ్య కొలిచి చూడటం. పిల్లవాడికి పనుంటే అక్కని వెక్కిరించడం కూడా తగ్గుతుంది.

ఫోకస్ లోతు (ముందూ వెనకా పదునుగా పడే మేర) లెక్క. ఫుల్ ఫ్రేమ్ మీద 85 మి.మీ. లెన్సు, మనిషి రెండున్నర మీటర్ల దూరం: ఎఫ్ 2 దగ్గర సుమారు 10 సెం.మీ., ఎఫ్ 2.8 దగ్గర 14. మీటరున్నరకి వచ్చి ఎఫ్ 1.8 పెడితే మూడున్నర సెం.మీ. కూడా ఉండదు, ఒక కన్ను పదునుగా ఉండి ముక్కుపుడక మసకేస్తుంది. నగలున్న ఫోటోలన్నీ ఎఫ్ 2.8 కి తక్కువ పెట్టకుండా తీయాలి. కుటుంబానికి 50 మి.మీ., నాలుగు మీటర్లు, ఎఫ్ 5.6: రెండు మీటర్ల లోతు దొరుకుతుంది, రెండు వరసలు హాయిగా పడతాయి.

ఏసీ కారులోంచి తీసిన లెన్సు ఉక్కపోతలో మంచు పట్టేస్తుంది. సంచి డిక్కీలో పెట్టి, వచ్చిన వెంటనే మూత తీసి ఉంచాలి. అక్టోబర్‌లో అంతగా ఉండదు. జూన్, ఆగస్టుల్లో తుడిచినకొద్దీ వస్తుంది.

దశ 6: వయొలిన్

వ్యక్తిగతంగా ఉండాలంటారు అందరూ. ఏం కావాలని పిల్లల్ని అడిగితే ఫోన్లో చూసినవి చెబుతారు. వేరేలా అడగాలి: “అమ్మా, వారంలో ఏ పని మీదుంటే నీకు టైం తెలీదు?” వచ్చిన జవాబు ఒక్కటే తీసుకుని దానికి ఇరవై నిమిషాలివ్వాలి. వయొలిన్, టెన్నిస్ రాకెట్, రోబో, అన్నీ తలా మూడు నిమిషాలంటే ఏదీ చేతిలో పని చేస్తున్నట్టు రాదు, షాపులో వస్తువు పట్టుకున్నట్టొస్తుంది.

కర్ణాటక పద్ధతిలో వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది, మనిషి బాసింపట్టు వేసుకుంటుంది. బడి ఆర్కెస్ట్రాలోలా నిలబెట్టి గడ్డం కింద పెట్టిస్తే ఫోటో బాగుంటుంది, నేర్పిన టీచర్ నవ్వుతుంది. కాబట్టి గచ్చు మీద జంపఖానా, లంగా ఓణీలోనే. కూర్చుంటే పట్టు నలుగుతుంది గనక నిలబడే ఫోటోలు, కుటుంబం ఫోటోలు అన్నీ అయ్యాకే ఇది.

1. కెమెరా ఆమె కళ్ళ ఎత్తుకి దిగాలి. నిలబడి తీస్తే వయొలిన్ పొట్టిగా, నుదురు పెద్దగా వస్తుంది.
2. నిజంగా వాయించమనాలి. తెలిసిన వర్ణం చాలు. ఊరికే పట్టుకుంటే ఎడమ చేతి వేళ్ళు కర్రల్లా ఉంటాయి.
3. కమాను బ్రిడ్జికీ వేలి పలకకీ మధ్య ఉందో లేదో ప్రతి కొన్ని ఫ్రేములకి చూసుకోవాలి. ఈ ఒక్క తప్పుకే పిల్లలు మంచి ఫోటోలు పక్కన పడేస్తారు.
4. 250వ వంతులో కమాను ఆగిపోతుంది. 30వ వంతులో కమాను, మణికట్టు కదిలి, ముఖం నిలుస్తుంది. రెండూ తీయాలి. రెండోదానికి ఎక్కువ ఫ్రేములు కావాలి, సగం పైగా పోతాయి.

మంచి వాయిద్యాన్ని కారులో వదిలిపెట్టకూడదు. టెక్సస్ కారు వేడికి జిగురు వదులుతుంది, బిరడాలు జారతాయి. పాతదో ప్రాక్టీసుదో తెచ్చుకుంటే దిగుల్లేదు. పని కాగానే కమాను వెంట్రుకలు వదులు చేసి పెట్టెలో పెట్టించాలి.

దశ 7: ఆ రోజు షీటు

ఇది ప్రింటు తీసి అమ్మకొకటి, ఫోటోగ్రాఫర్‌కొకటి. బ్రాకెట్లలో ఉన్నది గడిచిన నిమిషాల మొత్తం.

1. 4:40. రాక, లంగా ఓణీలోనే. పిన్నులు, గ్రే కార్డు: 10 (10)
2. 4:50. నీడలో నిలబడి: 20 (30)
3. 5:10. కుటుంబం: 15 (45)
4. 5:25. వయొలిన్: 20 (65)
5. 5:45. బట్టలు మార్చడం, జడలో పూలు తీయడం, మెట్ట మీదికి నడక: 15 (80)
6. 6:00. మామూలు బట్టలు, గడ్డిలో, ఎండ వెనక నుంచి: 30 (110)
7. 6:30. లెటర్ జాకెట్: 20 (130)
8. 6:50. పొద్దు గూకాక, ఎఫ్ 2, 200వ వంతు, ఐఎస్‌ఓ 400 దగ్గర మొదలు: 10 (140)

140 నిమిషాల్లో 115 ఫోటోలవి, 25 మాత్రమే సర్దుకోవడానివి. మొదటి ప్లానుకంటే ఇరవై నిమిషాలే ఎక్కువ, ఫోటోల టైం మూడింతలు దాటింది.

కుటుంబం ఫోటోలో తాతయ్యనీ అమ్మమ్మనీ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి అప్పుడే మిగతావాళ్ళని పిలవాలి. ముందే అందరూ చేరితే పెద్దవాళ్ళు మర్యాదకి నిలబడే ఉంటారు. మనవరాలూ వాళ్ళిద్దరూ ఉన్న ఫోటో మొదట తీసేసి, వాళ్ళని కారుకి పంపేయొచ్చు. ఆరు దాటితే మెట్ట మీద గాలి చల్లబడుతుంది.

ఆలస్యమైతే కోసేది ఎక్కడో కూడా షీటు మీదే రాసుంటుంది: 15 నిమిషాల దాకా 2వ అంశంలోంచి, అది దాటితే 8వది తీసెయ్యాలి. 4, 6 జోలికి పోకూడదు.

దశ 8: ఎంపిక, ప్రింటు

ఫ్రేములకి ముందే హద్దు: నిలబడి 60, కుటుంబం 40, వయొలిన్ 70, గడ్డి 110, జాకెట్ 70, చివర 30. మొత్తం 380. 24 మెగాపిక్సెల్ రా (కెమెరా మార్చకుండా ఇచ్చే) ఫైలు 28 మెగాబైట్ల చొప్పున పదిన్నర గిగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డులో ఎంతో ఖాళీ ఉంది కదా అని తీస్తూపోతే ఎంచడానికి ఇంకో వారం.

380 లోంచి 120, అందులోంచి 50, ఇంటికి 30. మొదటి వడపోత కళ్ళు మూసినవి, ఫోకస్ తప్పినవి. రెండోది చేతులు చూసి. ముఖం బాగుండి చేతులు బిగుసుకున్న ఫోటో నెల తర్వాత ఎవరికీ నచ్చదు.

మొటిమలు తీసెయ్యొచ్చు, వారంలో పోయేవే. పుట్టుమచ్చ, చిన్నప్పటి దెబ్బ, ఒంటి రంగు ముట్టుకోకూడదు. “కొంచెం ఫెయిర్‌గా చెయ్యండి” అని వాట్సాప్ వస్తుంది. అలా చెయ్యబోమని ముందే ఒప్పందంలో రాసుకుంటే ఆ రోజు మొహమాటం ఉండదు.

కత్తిరింపు దగ్గర ఎక్కువ నష్టం జరిగేది గోడకి పెట్టే సైజులో. నిలువు ఫ్రేము 4000 × 6000 పిక్సెళ్ళు. 5 × 7 కార్డుకి 4000 × 5600 కావాలి, పోయేది తక్కువే. 8 × 10 కి 4000 × 5000, అంటే ఎత్తులో ఆరో వంతు పోతుంది. తల పై నుంచి లంగా అంచు దాకా ఫ్రేము నింపి తీస్తే 8 × 10 లో పాదాలో జడలో పూలో వదులుకోవాలి. నిలువెత్తు ఫోటోలు తీసేటప్పుడు పైనా కిందా చెరో పన్నెండో వంతు ఖాళీ వదలాలి. సీనియర్ యాడ్‌కి 9 × 12 అంగుళాల నిండు పేజీ అయితే 300 చొప్పున 2700 × 3600, ఇబ్బంది లేదు.

పెద్ద ప్రింటుకి ముందు ఒక 4 × 6 వేయించి పగటి వెలుగులో చూడాలి. ఎర్ర పట్టు తెరమీద కనిపించినంత ఎర్రగా కాగితం మీద రాదు. ఎరుపులో చిన్న మడతలు కలిసిపోయి ముద్దలా అవుతాయి. ఎరుపు గాఢత కొద్దిగా తగ్గించి, రెండో 4 × 6 చూసి, అప్పుడు పెద్దది.

దశ 9: వసంతానికి మిగిలింది

పట్టా పుచ్చుకునే రోజు వేసుకునే క్యాప్, గౌను బడి ఆర్డరు మీద చాలాచోట్ల వసంతంలో గానీ చేతికి రావు. అందుకే అది వేరే, 40 నిమిషాల చిన్న సెషన్. బ్లూబానెట్ పూలు (టెక్సస్ రాష్ట్ర పువ్వు, నీలం రంగు) కావాలంటే మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా. డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్‌ని 1997లో రాష్ట్రమే అధికారిక బ్లూబానెట్ నగరమని ప్రకటించింది. వారాంతంలో దారి పొడుగునా కార్లే. పూల మీద కూర్చోకూడదు, తొక్కితే ఆ చోట గింజ పడదు, వచ్చే ఏడు పూలుండవు. పూల మధ్య మట్టి కనిపించే కాలిబాటలో కూర్చోబెట్టి, లెన్సు ముందు పూలు వచ్చేలా కిందికి వంగి తీస్తే మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది. పాములూ అక్కడికే వస్తాయి గనక కర్ర తట్టడం ఇక్కడా తప్పదు.

గౌను ప్లాస్టిక్ సంచిలో మడతలతో వస్తుంది. పాలిస్టర్, ఇస్త్రీ పెట్టె తగిలితే మెరుపు మచ్చ పడుతుంది. వేడినీళ్ళ ఆవిరి నిండిన బాత్‌రూంలో రాత్రంతా వేలాడదీస్తే చాలావరకు పోతాయి. టోపీ నుదుటికి రెండు వేళ్ళ పైన, బల్లపరుపుగా. ఆ పలక కళ్ళ మీద నీడ వేస్తుంది, తెల్ల రిఫ్లెక్టర్ నడుము దగ్గర నుంచి పైకి. ముదురు గౌను చూసి కెమెరా మీటరు మోసపోయి ముఖాన్ని తెల్లగా చేస్తుంది కాబట్టి మాన్యువల్‌లో, చెంప మీద కొలిచి. టోపీ కుచ్చు పట్టా పుచ్చుకోకముందు కుడి వైపు ఉండటం ఆనవాయితీ. ఎడమ వైపు వేసి తీస్తే బంధువులెవరూ గమనించరు గానీ క్లాసు పిల్లలు గమనిస్తారు.

మెడలో వేసే హానర్ కార్డ్స్ (మంచి మార్కులకి ఇచ్చే రంగు తాళ్ళు), స్టోల్ (భుజాల మీది పట్టీ) కొన్ని బళ్ళలో మేలో గానీ ఇవ్వరు. ఏ వారంలో ఇస్తారో కౌన్సెలర్‌ని అడిగి, అది ఏపీ పరీక్షల తర్వాతైతే పూల ఫోటోలని ఏప్రిల్‌లో మామూలు బట్టల్లో తీసేసి, గౌను మే మూడో వారానికి విడిగా పెట్టుకోవాలి. అప్పటికి పొద్దు 8:23. ఏడింటికి మొదలుపెట్టినా ఎండ ఇంకా పైనే ఉంటుంది, ఏడున్నర సరిపోతుంది.